పెద్ద వాలు మూసిన వారం

ఆ ఊళ్లో ఆమెను అసలు పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎవరూ మిగల్లేదు. కొండమీది స్కీ వాలును రోజూ పొద్దున్నే చూసి, తెరవాలో మూయాలో తేల్చే ఉద్యోగం ఆమెది. తెరిచిన రోజులు ఎవరికీ గుర్తుండవు. మూసిన రోజులు మాత్రం అందరికీ గుర్తుంటాయి. అలా తాళమ్మ అని పేరు పడిపోయింది. మొదట్లో చాటుగా అనేవాళ్లు, తర్వాత ఎదురుగానే అనడం మొదలుపెట్టారు. చివరికి ఆమే ఫోనెత్తి "తాళమ్మనే, చెప్పండి" అనేదాకా వచ్చింది వ్యవహారం.

ఊరంటే పెద్ద ఊరేం కాదు. ఒకటే వీధి. దానికి అటూ ఇటూ లాడ్జీలు, స్కీలూ బూట్లూ అద్దెకిచ్చే దుకాణాలు, టీ కొట్లు, చివర జనాన్ని కుర్చీల్లో కొండమీదికి చేర్చే రోప్‌వే స్టేషన్. వేసవిలో కొండెక్కేవాళ్లు వస్తారు, చలికాలంలో మంచుమీద జారేవాళ్లు వస్తారు. వాళ్లు రాని ఏడు ఊరంతా జ్వరం పడి లేచినట్టుంటుంది.

వీధి చివర నిలబడి తలెత్తితే పెద్ద వాలు కనబడుతుంది. శిఖరం భుజం దగ్గర మొదలై అడవి అంచుదాకా ఒకే తెల్లటి దుప్పటి. కింద అడవిలో మాత్రం చెట్లు లేని పొడుగాటి చార ఒకటుంది. తాళమ్మ పుట్టకముందెప్పుడో మంచుచరియ విరిగి, ఆ దారినే దిగి, చెట్లను ఊడ్చుకుపోయిందట. అప్పుడు అక్కడ మనుషులెవరూ లేరు. ఆ తర్వాత అది మళ్లీ కూలిందీ లేదు.

"మీరు మూసినప్పుడూ కూలదు, తెరిచినప్పుడూ కూలదు. మధ్యలో మీరెందుకండీ?" అని బూట్ల దుకాణం ఆయన నవ్వుతూనే అంటుండేవాడు. ఊరి కమిటీకి పెద్ద ఆయనే.

"మీ బూట్లు తడవకుండా ఉండటానికి" అనేది తాళమ్మ. ఇద్దరూ నవ్వుకునేవాళ్లు.

ఆమె పెళ్లి చేసుకోలేదు. తమ్ముడు నడిపే లాడ్జిలో వెనకవైపు గదిలో ఉండేది. గోడకు పార, తాడు, మూలన స్కీలు, హీటరు మీద ఎప్పుడూ ఆరుతూ ఉండే ఉన్ని మేజోళ్లు. తిండి మాత్రం తమ్ముడి కుటుంబంతోనే. తమ్ముడికి ఒక్కతే కూతురు. బక్కగా, తేలిగ్గా ఉంటుందని పిట్ట అని పిలిచేవాళ్లు. పిట్టకి నడక సరిగ్గా రాకముందే స్కీల మీద నిలబెట్టింది తాళమ్మ. ఒళ్లు వంచడం, మోకాళ్లు కలిపి తిరగడం, పడితే ఎలా పడాలో కూడా ఆమే నేర్పింది. "నా కడుపున పుట్టి మీ కాళ్లతో నడుస్తోంది వదినా ఇది" అనేది మరదలు.

పెద్ద వాలుమీద ఏటా స్కీ పందెం జరుగుతుంది. ఆ ఏడు పందానికి దేశపు స్కీ జట్టులోకి కొత్తవాళ్లను ఎంచుకునే పెద్దమనుషులు కూడా వస్తున్నారని తెలిసింది. పిట్టకి ఇరవై రెండు నిండబోతున్నాయి. ఇంకో ఏడు ఆగితే వయసు దాటిపోతుంది. చిన్నప్పటినుంచీ తెల్లారగట్ల లేచి, కాళ్లు వాచేలా కష్టపడింది ఈ ఒక్క పూట కోసమే. లాడ్జి గదులన్నీ నిండాయి. తమ్ముడు అదనంగా పరుపులు తెప్పించి హాల్లో కూడా పరిపించాడు.

పందానికి ముందు వారం ఎడతెగకుండా మంచు కురిసింది. కురిసిన మంచును గాలి తెచ్చి తెచ్చి పెద్ద వాలు నెత్తిన పోసింది. పందెం నాటి పొద్దున్న మబ్బు విడిపోయి ఎండ కాసింది. చూస్తే కన్ను తిప్పుకోబుద్ధి కాదు, అంత బావుంది.

తాళమ్మ అప్పటికే పైకి వెళ్లి, వాలు అంచున నడుం లోతున గొయ్యి తవ్వి, ఒక పక్కను గోడలా నున్నగా చెక్కి చూస్తోంది. అట్టడుగున పాత మంచు గాజులా గట్టిపడి ఉంది. దానిమీద పంచదారలా పొడిపొడిగా రాలే పలచటి పొర. ఆ పొరమీద కొత్త మంచు, గాలికి బిగిసి పలకలా. పార వెనక్కి తిప్పి పైన మెల్లగా తట్టింది. రెండో దెబ్బకే పలక మొత్తం జారి ఆమె ఒళ్లోకి వచ్చి పడింది. కొంచెం దూరం పోయి ఇంకో గొయ్యి తవ్వింది. అక్కడ ఎంత బాదినా పలక కదల్లేదు. మూడో చోట కదిలీ కదలనట్టు కదిలింది.

ఆమె గోతిలోనే కాసేపు కూర్చుంది. కింద వీధిలో జనం చీమల్లా కనబడుతున్నారు. మైకులో ఎవరో పాట పెట్టారు. లేచి, మంచు దులుపుకుని, రోప్‌వే ఆపరేటరుకు ఫోన్ చేసింది. "ఎర్ర జెండా ఎగరెయ్యి" అంది.

స్టేషన్ దగ్గరకు వచ్చేసరికి అందరూ అక్కడే ఉన్నారు. బూట్ల దుకాణం ఆయన ముఖంలో నెత్తుటిచుక్క లేదు.

"అమ్మా, సరదాకి కూడా ఇలాంటి పని చెయ్యకూడదు" అన్నాడు. "ఇంతమందిని పిలిచాం. వాళ్లకి ఏం చెప్పమంటారు?"

"మూసేశారని చెప్పండి. నేను మూశానని చెప్పండి."

"మందు పెట్టి పేల్చి ఆ మంచును మనమే ముందు కూల్చెయ్యొచ్చుగా?"

"కింద లాడ్జీలున్నాయి. ఎంత వస్తుందో, ఎక్కడ ఆగుతుందో నాకు తెలీదు."

తమ్ముడు ఆమె మోచెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్లాడు. "అక్కా, ఒక్క పూట. ఒక్క పూట కళ్లు మూసుకో. దాని బతుకు ఇందులో ఉంది."

"నాకు తెలీదట్రా?"

"తెలిసే చేస్తున్నావా మరి?"

ఆమె మోచెయ్యి విడిపించుకుంది. జనం వెనక పిట్ట నిలబడి ఉంది, ఎర్ర కోటు వేసుకుని, స్కీలు భుజాన పెట్టుకుని. గొడవ పడలేదు. దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.

"అత్తా, నిజం చెప్పు. కూలుతుందా?"

"తెలీదు."

"తెలీకపోతే ఎందుకు మూశావు?"

"తెలీకే మూశానే."

 పిట్ట స్కీలు భుజం మార్చుకుని వెళ్లిపోయింది.

పందెం ఊరి వెనక చిన్న వాలు మీద జరిపారు. పిల్లలకి స్కీ నేర్పే చోటది. పైనుంచి తోస్తే కిందికి వచ్చేస్తారు, అంతే. పిట్ట అందరికంటే ముందొచ్చింది. కానీ ఆ వాలు మీద ముందొచ్చినా వెనకొచ్చినా ఒకటే. వచ్చిన పెద్దమనుషులు మర్యాదగా చప్పట్లు కొట్టి, టీ తాగి, మధ్యాహ్నం బండిలో వెళ్లిపోయారు. ఎవరినీ ఎంచుకోలేదు.

ఆ మధ్యాహ్నమంతా ఊరు ఊరంతా ఉండుండి తలెత్తి పెద్ద వాలు వైపు చూసింది. అది ఎండలో నిగనిగలాడుతూ హాయిగా పడుకుని ఉంది. తాళమ్మ కూడా చూసింది. ఒక క్షణం ఆమెకు "కూలితే బావుణ్ణు" అనిపించింది. అక్కడ ఎవరూ లేరుగా, ఇప్పుడు ఒక్కసారి కూలిపోతే బావుణ్ణు, అందరి నోళ్లూ మూతపడతాయి. అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. లోపలికి వెళ్లి తలుపేసుకుంది.

ఆ రాత్రి భోజనాలు తొందరగా ముగిశాయి. తమ్ముడు ఆమె ముఖం చూడకుండా తిని లేచిపోయాడు. పిట్ట తినడానికే రాలేదు. మరదలు మాత్రం రొట్టె ఆమె పళ్లెంలో వేస్తూ, "తినండి వదినా, మీరు కూడా మానేస్తే నేనెవరి కోసం వండాలి?" అంది. కోపంగానే అంది. కానీ అంది.

మర్నాడు తెల్లారీ తెల్లారకముందే తాళమ్మ పార పట్టుకుని బయల్దేరింది. ఆపరేటరు ఆమె ఒక్కదాని కోసం రోప్‌వే నడిపి, కొండ మధ్యలో ఉన్న కాపలా గది దాకా చేర్చాడు. దిగగానే ఆమెకు అడుగుజాడలు కనిపించాయి. ఎవరో స్కీలు మోసుకుంటూ గట్టు అంచు వెంబడి నడిచి పైకెక్కారు. అడుగులు చిన్నవి.

బైనాక్యులర్స్ ఎత్తి చూసింది. శిఖరం భుజం దగ్గర ఎర్ర కోటు.

 అరిచినా వినబడేంత దగ్గర కాదు. పైకి పరిగెత్తితే తను కూడా ఆ వాలు కిందికే పోవాలి, ఇద్దరూ పోతే తవ్వేవాళ్లు ఉండరు. ఇన్నేళ్లుగా కొత్తగా చేరినవాళ్లకు తను చెబుతూ వచ్చింది ఒకటే: అలాంటప్పుడు కదలకుండా నిలబడండి, మనిషి మీంచి కళ్లు తీయకండి, ఆఖరిసారి ఎక్కడ కనబడ్డారో గుర్తుపెట్టుకోండి, అక్కడినుంచి కిందికి వెతకాలి. ఇప్పుడు ఆమె కళ్లు ఆమె ప్రమేయం లేకుండానే ఆ పని మొదలుపెట్టాయి. నల్ల బండ పక్కన. బండకి కొంచెం కింద. విరిగిన చెట్టుకు సూటిగా పైన. తన చేతుల్లో పెరిగిన పిల్లను ఎక్కడ తవ్వాలో గుర్తుపెట్టుకుంటున్నానన్న సంగతి మనసుకు తట్టేసరికి ఆమెకు ఊపిరాడలేదు. నిన్న తను కోరుకున్న మాట గుర్తొచ్చింది. "వద్దు, వద్దు, వద్దు" అని పైకే గొణిగింది, ఎవరితో అంటోందో తెలియకుండా.

పిట్ట దిగుతోంది. అంత అందంగా దిగడం తాళమ్మ ఎన్నడూ చూడలేదు. ఒక్కో మలుపు దగ్గర మంచు పొగలా లేచి ఎండలో మెరిసి వెనకబడుతోంది. మోకాళ్లు కలిపి తిరగడం, భుజం వాల్చడం, అన్నీ తను నేర్పినవే. వాలు నడుం దాటింది. విరిగిన చెట్టు దాటింది. అడవి అంచు దగ్గర వంపు తిరిగి, గట్టు మీదికి జారి, తాళమ్మ ఎదుట సర్రున ఆగింది. ఆగి, కళ్లద్దాలు పైకెత్తి, రొప్పుతూ అంది:

"చూశావా? ఏమీ కాలేదు."

 పార కర్ర పట్టుకున్న తాళమ్మ వేళ్లు విడిపోవడం లేదు. పిట్ట తిట్లకు సిద్ధంగా గడ్డం పైకెత్తి నిలబడింది. చెంపదెబ్బకు కూడా సిద్ధంగానే ఉంది. కానీ అత్త, చిన్నపిల్ల బతిమాలినట్టు, "ఇంకోసారి వెళ్లకమ్మా" అంది. "నీకు దణ్ణం పెడతాను. ఇంకోసారి వెళ్లకు."

ఆ గొంతు పిట్ట ఎప్పుడూ వినలేదు. ఆమె ముఖంలో రంగు మెల్లగా పోయింది. స్కీలు విప్పడానికి వంగితే బిగింపు ఊడి రాలేదు. తాళమ్మే కూర్చుని విప్పింది. ఇద్దరూ ఒకే రోప్‌వే కుర్చీలో కిందికి దిగారు.

అప్పటికే ఊరంతా వీధిలో నిలబడి కొండ చూస్తోంది. తెల్లటి వాలు మీద పైనుంచి కిందిదాకా వంకీలు తిరిగిన ఒకే ఒక గీత. "ఎవరో మహానుభావుడు దిగాడ్రా!" అని బూట్ల దుకాణం ఆయన చంకలు గుద్దుకున్నాడు. సాయంత్రం తమ్ముడి లాడ్జి భోజనాల హాల్లో కమిటీ మీటింగు అన్నాడు.

సాయంత్రం లాడ్జీల వాళ్లు, దుకాణాల వాళ్లు, స్కీ నేర్పేవాళ్లు అందరూ వచ్చారు. కుర్చీలు చాలక కొందరు కిటికీ గట్ల మీద కూర్చున్నారు. తాళమ్మ ఒక పక్కన కూర్చుంది. పొద్దున్న చూసింది ఆమె ఎవరికీ చెప్పలేదు. చెబితే పిల్లను వీధిలో నిలబెట్టినట్టవుతుంది.

"మనమేమీ తాళమ్మ గారిని తప్పుపట్టడం లేదు" అని మొదలుపెట్టాడు బూట్ల దుకాణం ఆయన. ఆ మాటతో మొదలుపెట్టాడంటే తప్పుపట్టబోతున్నట్టే. "కానీ ఆ గీత చూశారుగా. అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? మనిషి దిగాడు, బతికాడు. నిన్న తెరిచి ఉంటే పందెం జరిగేది. రేపైనా తెరుద్దాం. ఉన్న నలుగురైనా ఉంటారు."

"ఒకరు దిగితే కూలనిది పదిమంది దిగితే కూలొచ్చు" అంది తాళమ్మ. "కూలుతుందని నేను చెప్పలేదు. కూలదని చెప్పలేకపోతున్నాను. నేను పొరబడే ఉండొచ్చు కూడా."

"పొరబడి ఉంటే ఒప్పుకుని తెరిస్తే పోయె!" అన్నాడు ఎవరో. నవ్వులు వినబడ్డాయి.

తమ్ముడు లేచాడు. రెండు రోజులుగా కడుపులో కుక్కుకున్నదంతా బయటికొచ్చింది. "అక్క కాబట్టి ఇన్నాళ్లూ ఊరుకున్నాను. ఆ దిగినవాడెవడో గాని, వాడి కాళ్లు కడిగి నెత్తిన చల్లుకోవాలి. మన నోట మాట రానిచోట వాడు చేసి చూపించాడు. రేపు తెరవాల్సిందే."

వంటింటి తలుపు తోసుకుని మరదలు టీ ట్రే పట్టుకుని వచ్చింది. ట్రే బల్లమీద పెట్టింది. పెట్టి, తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ, ఎవరి వైపూ చూడకుండా అంది:

"ఆ దిగింది మన పిల్లే."

తలలన్నీ అటు తిరిగాయి. మరదలు వెనక, తలుపు దగ్గర పిట్ట నిలబడి ఉంది. తల దించుకునే ఉంది.

"పొద్దున్న దాని కోటు తడిసి ఉంటే అడిగాను" అంది మరదలు. "చెప్పింది."

తమ్ముడు కూతురి వైపు చూశాడు. "నువ్వా?" అన్నాడు.  పిట్ట తలూపింది. అతను కుర్చీ ఎక్కడుందో చూసుకోకుండా కూర్చోబోయాడు. పక్కనున్న ఆపరేటరు పట్టుకోకపోతే కింద పడేవాడే. ఎవరో నీళ్లిచ్చారు. తాగలేదు. గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. నీళ్లు తొణికి మోకాళ్ల మీద పడుతున్నా తెలియలేదు.

చాలాసేపటికి లేచాడు. ఈసారి గొంతు వేరుగా ఉంది.

"పొద్దున్నుంచీ ఆ గీత చూసి మురిసిపోయాను" అన్నాడు. "టీ కొట్టు దగ్గర నలుగురికీ చూపించాను. అది నా కూతురు గీసిందని తెలియదు. తెలియగానే... చూశారుగా, నిలబడలేకపోయాను. ఇప్పుడు అది నా ఎదురుగా నిలబడి ఉంది, ఏమీ కాలేదు, అయినా నిలబడలేకపోయాను." ఊపిరి తీసుకున్నాడు. "అంటే పొద్దున నేను సంబరపడింది ఎవరి పిల్లను చూసి? ఎవరి పిల్ల అయినా ఫర్వాలేదనేగా? రేపు తెరవమని నేను అడగను. మీరు అడగాలంటే అడగండి. ముందు మీ ఇంట్లోవాళ్లను పైకి పంపి, ఆ తర్వాత అడగండి."

బూట్ల దుకాణం ఆయనకు ఇద్దరు కొడుకులు, ఇద్దరూ స్కీ నేర్పేవాళ్లే, ఇద్దరూ కిటికీ గట్టు మీద పక్కపక్కనే కూర్చుని ఉన్నారు. ఆయన వాళ్ల వైపు ఒకసారి చూశాడు. మెడ వెనక చేత్తో రుద్దుకున్నాడు.

"టీ చల్లారిపోతోంది" అన్నాడు చివరికి. "తీసుకోండి."

మీటింగు అంతటితో ముగిసింది. ఎవరూ తీర్మానం చేయలేదు. జెండా దించమనీ ఎవరూ అనలేదు.

తాళమ్మకు గెలిచినట్టు అనిపించలేదు. ఆ వారమంతా ఆమె రోజూ పైకి వెళ్లి గోతులు తవ్వింది. ఒకరోజు పలక కదిలేది, ఒకరోజు కదిలేది కాదు. వాలు మాత్రం కూలలేదు. లాడ్జి ఖాళీ అయింది. తమ్ముడు అదనపు పరుపులు చుట్టి కట్టి అటకెక్కించాడు. ఆమెతో ముభావంగానే ఉన్నాడు గాని, పొద్దున్నే ఆమె బయల్దేరే వేళకు ఫ్లాస్కులో టీ పోసి గుమ్మం దగ్గర పెడుతున్నాడు. ఎవరు పెట్టారని ఆమె అడగలేదు.

పిట్ట మాత్రం ఇంకా దూరంగానే ఉంది. ఒక సాయంత్రం గది గుమ్మం దగ్గరికొచ్చి, లోపలికి రాకుండా నిలబడింది.

"ఆ రోజు నన్ను తిట్టి ఉంటే బావుండేది" అంది.

"తిట్టడానికి ఓపిక లేకపోయింది."

"జట్టువాళ్లు మళ్లీ రారు అత్తా."

"తెలుసే."

"నీ మీద కోపం పోలేదు నాకు. భయపడ్డాను, నిజమే. కానీ కోపం పోలేదు."

"పోకపోయినా ఫర్వాలేదు" అంది తాళమ్మ. "ఉంచుకో. నువ్వు ఉండి కోప్పడుతున్నావు, నాకదే చాలు."

పిట్ట తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయింది. తాళమ్మ హీటరు మీది మేజోళ్లు తిరగేసి, మంచం మీద కూర్చుని చాలాసేపు ఏడ్చింది. ఆ వారంలో ఆమె ఏడ్చింది అదొక్కసారే.

తర్వాత ఎండలు కాశాయి. పగలు మెత్తబడి, రాత్రి బిగిసి, మంచు మెల్లగా కుదుటపడింది. పిట్ట గీసిన గీత కూడా ఎక్కడుందో తెలియకుండా చెరిగిపోయింది. ఒక పొద్దున తాళమ్మ ఎన్నిచోట్ల తవ్వినా, ఎంత బాదినా, పలక పాత మంచును కరుచుకునే ఉంది. ఆపరేటరుకు ఫోన్ చేసి జెండా దించమంది. వాలు తెరిచిన రోజు మొదట దిగడం ఆమె పనే. స్కీలు తగిలించుకుని శిఖరం భుజం దగ్గర నిలబడింది. మోకాళ్లు నొప్పి పెడుతున్నాయి. జాగ్రత్తగా, అందం చందం చూసుకోకుండా, వెడల్పుగా వంపులు తిరుగుతూ దిగింది.

కింద తమ్ముడు నిలబడి ఉన్నాడు. వంగి ఆమె స్కీలు విప్పి, రెండూ కలిపి తన భుజాన పెట్టుకున్నాడు. "నేను మోసుకోలేనట్రా?" అంది ఆమె. "మోసుకోగలవులే" అని వాటితోనే నడిచాడు.

రోప్‌వే దగ్గర వరస పెద్దదేం కాదు. ఉన్న కొద్దిమంది విహారయాత్రికులు, వాళ్లకు నేర్పడానికి వచ్చినవాళ్లు. ఆ వరసలో పిట్ట కూడా ఉంది. అత్తను చూసీ చూడనట్టు ముందుకు జరిగింది. ఆమె వంతు వచ్చింది. కుర్చీలో కూర్చుంది. కుర్చీ నేలను విడిచి కొంచెం లేచాక వెనక్కి తిరిగి పిలిచింది.

"అత్తా! పైన ఎలా ఉంది?"

"ఎడమ పక్క గాలి మెత్తటి మంచును ఊడ్చేసింది, గట్టిగా ఉంది" అని అరిచింది తాళమ్మ. "బండ కుడిపక్కనుంచి దిగు!"

పిట్ట చెయ్యెత్తి, కళ్లద్దాలు దించుకుంది. తర్వాతి కుర్చీలో ఒక ముసలి జంట తడబడుతూ కూర్చుంటుంటే, తాళమ్మ వెళ్లి వాళ్లు జారి పడకుండా అడ్డకమ్మీ దించి పెట్టింది.